ఊపిరికి జాగా లేని పాట

కోదాడ, శనివారం రాత్రి

నువ్వు పాడలేవు అని నాకు నేనే రాసుకుంటున్నాను. ఇన్నేళ్లూ సుజాత గొంతు వెనక దాక్కుని బేస్ గిటార్ మీటుతూ, దాన్నే పోరాటం అనుకున్నావు.

ఈ సాయంత్రం సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు ధర్నాలో ఆ సంగతి తేలిపోయింది. పోలీసులు మైకుకూ కరెంటుకూ అనుమతి ఇవ్వలేదు. కరెంటు లేకపోతే బేస్ మూగదే కాబట్టి మాండొలిన్ పట్టాను. ఫ్యాక్టరీ దుమ్ముకు నా భార్య సుజాత గొంతు పోయింది కాబట్టి పాట కూడా నా మీదే పడింది. బేస్ దెబ్బ మాటతో పాటే పడేది. మాండొలిన్ దెబ్బ మాటల మధ్య పడాలి. మాట పట్టుకుంటే చెయ్యి ఆగింది, చెయ్యి ఆడిస్తే మాట జారింది. పాట సగంలోనే జనం లేచి వెళ్లిపోయారు.

ఇంటికి వచ్చాక సుజాత గుసగుసగా అంది: "గది పాట కాదు, ఉపన్యాసం. ఊపిరి తీస్కునే జాగా ఏడుంచినవ్? మాండొలిన్ మోగేది గా జాగాలనే గదా!"

"ఒక్క మాట తగ్గించినా కంపెనీకి లొంగినట్టే!" అని అరిచాను.

"కంపెనోడు నీ పాట ఇంటడా? ఇనేటోళ్లు పోయిన్రు, జర సూస్కో."

నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఇంకా ఆగలేదు. గొంతు మళ్లీ వస్తుందో లేదో దవాఖానలో ఎవరూ చెప్పడం లేదు. రేపు మళ్లీ అదే గేటు, పాడటానికి నేనొక్కణ్ణే.

డిమాండ్లు:

పాటలో సగం మాటలు తీసెయ్యాలి, ఎంత ఇష్టమైనవైనా సరే.
మాట తప్పినా చెయ్యి ఆగకూడదు.
ఫ్యాక్టరీ దుమ్ము ఆపాలి.
సుజాత గొంతు సుజాతకు తిరిగి ఇవ్వాలి.