నోటికి వచ్చిన నంబర్

జూన్ 9, సోమవారం

పొద్దున ఊడుస్తుంటే కనిపించాయి. కిటికీ కింద నేల మీద నాలుగు చిన్న గుంటలు. ముందు అద్దెకున్నవాళ్ళ మంచం కోళ్ళవి. ఎన్నేళ్ళు ఒక్క చోటే పడుకున్నారో.

నేను వచ్చి నలభై ఒక్క రోజులు. చాప, దుప్పటి, పుస్తకాల అట్టపెట్టె. మంచి కుర్చీ ఒకటి కొనుక్కోమని ప్రెస్సులో పెద్దమేడం రోజూ పోరుతుంది. ఆవిడే నాకు ప్రూఫులు చూడటం నేర్పుతోంది, ఈ గది కూడా ఆవిడ చూపించిందే. చాప అయితే చుట్టుకుని పారిపోవచ్చు, అందుకే నువ్వేమీ కొనవు అంది. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అన్నయ్యకి ఈ అడ్రస్ తెలియదు. తెలియకూడదు.

రెండేళ్ళ క్రితం ఒకసారి ఇల్లు వదిలి హాస్టల్లో చేరాను. మూడో రోజు వచ్చాడు. అరవలేదు. వార్డెన్‌తో ఎండల గురించి కాసేపు మాట్లాడాడు. తర్వాత నా వైపు చూసి, పోదామా అన్నాడు. నా సంచి నేనే సర్దుకున్నాను. ఆ తర్వాత ఏడాదిన్నర ఒంటరిగా వీధి గుమ్మం దాటలేదు.

నన్ను ఈడ్చుకుపోతాడని కాదు నా భయం. రమ్మంటే వెళ్ళిపోతానని.

జూన్ 10, మంగళవారం, సాయంత్రం 7

కొన్నాను.

ఫర్నిచర్ షాపు బ్రోచర్ బస్సులో చదివాను. సామాను తక్కువ, రంగులు లేత, నడవడానికి చోటు, కంటికి విశ్రాంతి. రెండో పేజీలో ‘ప్రశాంతం’లో సున్నా ఎగిరిపోయింది. పెన్సిల్‌తో పెట్టాను.

పురికొసతో గది కొలుచుకుని వెళ్ళాను. ప్రతి కుర్చీలోనూ కూర్చుని చూశాను. చేతులు వెడల్పుగా ఉండాలి, పుస్తకం బోర్లించడానికి. పాదాలు నేలకి ఆనాలి. వీపు వెనక గోడ, ఎదురుగా తలుపు ఉండేలా ఎక్కడ పడుతుందో లెక్క వేసుకున్నాను. మేడం, మీరు కూర్చోడానికి కొంటున్నారా, కాపలా కాయడానికి కొంటున్నారా అని సేల్స్‌మన్ అడిగాడు. రెండింటికీ అన్నాను. జోక్ అనుకున్నాడు.

బూడిదరంగు గుడ్డ వేసిన కుర్చీ. గుండ్రటి బల్ల. పొడవు బల్ల చూపిస్తే వద్దన్నాను. ఆ ఇంట్లో పొడవు బల్లే. దాని కొసన అన్నయ్య కూర్చుంటాడు. తను నిలబడి ఉన్నంతసేపూ నేనూ వదినా కూర్చోం. గుండ్రటి బల్లకి కొస ఉండదు.

శనివారం డెలివరీ. బయటికి వచ్చాక ఊరికే నవ్వొచ్చింది. నాకంటూ ఒక రంగు ఎంచుకోవడం ఇదే మొదలు.

జూన్ 11, బుధవారం, పదకొండున్నర

ప్రెస్సు బాత్‌రూమ్‌లో రాస్తున్నాను.

మూడో తరగతి వాచకం ప్రూఫు చూస్తున్నాను. తప్పిపోయిన పిల్ల పాఠం. పోలీసు ఆ పిల్లని ఫోన్ నంబర్ అడుగుతాడు. అక్కడ పెన్ను ఆగిపోయింది.

నిన్న కౌంటర్లో అమ్మాయి నంబర్ అడిగింది. తడుముకోకుండా చెప్పాను. అది నాది కాదు. అన్నయ్యది.

నాన్న పోయిన ఏడు కాన్వెంటు బడిలో సిస్టర్ ఆ నంబర్ నాకు కంఠతా పట్టించింది. తప్పిపోతే చెప్పడానికి. నోటికి రాకపోతే బెంచీ ఎక్కించేది. ఆ తర్వాత కాలేజీ, లైబ్రరీ, ఆసుపత్రి, ఏ ఫారంలోనైనా అదే రాశాను.

షాపుకి ఫోన్ చేశాను. మెసేజ్ నిన్ననే వెళ్ళిపోయిందట. నా పేరు, అడ్రస్, డెలివరీ రోజు, అన్నీ అందులో ఉన్నాయట. ఇంట్లోవాళ్ళ నంబరే కదా మేడం, ఏమవుతుంది అంది ఆ అమ్మాయి. కావాలంటే ఆర్డర్ ఆపేస్తానంది.

ఆపితే మాత్రం?

జూన్ 12, గురువారం

రాలేదు. మెట్ల మీద ఎవరు నడిచినా తనే అనిపించింది.

జూన్ 13, శుక్రవారం

పెద్దమేడంకి చెప్పాను. మా ఇంటికి వచ్చెయ్యి అంది. ఎన్నాళ్ళని అన్నాను. పోనీ రేపు నేనొచ్చి కూర్చుంటానంది. వద్దన్నాను. అన్నయ్య ఆవిడతో కూడా ఎండల గురించి మాట్లాడతాడు. పది నిమిషాల్లో ఆవిడకి నచ్చేస్తాడు.

నీకు నోరెలాగూ లేదు, కాళ్ళయినా గట్టిగా పెట్టుకోవే తల్లీ అంది.

జూన్ 14, శనివారం, మధ్యాహ్నం 1

వ్యాన్‌లోంచి ముందు దిగింది అన్నయ్యే. డ్రైవర్ దారి అడగడానికి తనకే ఫోన్ చేశాడట. వీధి మొదట్లో ఎక్కి, ముందు సీట్లో కూర్చుని వచ్చాడు.

చిక్కిపోయావు అన్నాడు నాతో.

ఇద్దరు మనుషులు కుర్చీ పైకి మోసుకొచ్చి, సార్ ఎక్కడ పెట్టమంటారు అన్నారు. దించకండి, మళ్ళీ వ్యాన్‌లో వేసెయ్యండి, అమ్మాయి ఇంటికొచ్చేస్తోంది అన్నాడు. ఎంత మెల్లగా చెప్పాడో. వాళ్ళలో పెద్దాయన చెమట తుడుచుకున్నాడు. మూడంతస్తులు సార్, నడుములు మావి అన్నాడు. తర్వాత కాగితం చూశాడు. బిల్లు ఈ అమ్మ పేరు మీద ఉంది, ఈ అమ్మే చెప్పాలి అన్నాడు. ఎక్కడమ్మా అని నన్నడిగాడు.

గోడకి, తలుపు కనపడేలా, అన్నాను. ఆయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

ప్లాస్టిక్ కవరు తీయకముందే కూర్చున్నాను.

అన్నయ్య నిలబడే ఉన్నాడు. పోదామా అన్నాడు. అదే గొంతు. నా మోకాళ్ళు లేచాయి. నిజంగా సగం లేచాను. కుర్చీ చేతులు పట్టుకుని మళ్ళీ కూలబడ్డాను. కింద ప్లాస్టిక్ కరకరలాడింది. పెద్దాయన బల్ల కూడా తెచ్చిపెట్టి సంతకం చేయించుకున్నాడు. నా పేరు పూర్తిగా రాశాను.

వదిన బెంగ పెట్టుకుందన్నాడు అన్నయ్య. రేపు పదింటికి కారు తెస్తాను, సర్దుకుని ఉండు అన్నాడు.

తను వెళ్ళాక తలుపు గడియ పెట్టాను.

సర్దడానికి అట్టపెట్టె దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

జూన్ 15, ఆదివారం, పది ఇరవై

తలుపు కొడుతున్నాడు. మెల్లగా, మూడేసి సార్లు.

లేవలేదు.

అన్నయ్య తలుపు కొట్టగా వినడం నాకిదే మొదటిసారి. ఆ ఇంట్లో కొట్టకుండానే తోసుకొచ్చేవాడు. హాస్టల్ నుంచి తీసుకొచ్చిన మర్నాడు వడ్రంగిని పిలిపించి నా గది తలుపు ఊడదీయించాడు.