జబ్బు లేని చెల్లి

ప్రియమైన పిచ్చుకా,

డిప్రెషన్ మూడోసారి వచ్చి పోయింది కదా, డాక్టరమ్మ మళ్లీ నా మెదడు స్కానింగ్ తీయించింది. పాత బొమ్మ పక్కన కొత్తది పెట్టి చూపించింది. జ్ఞాపకాలను చూసుకునే భాగం కాస్త చిక్కిందట. "తిరగబెట్టినకొద్దీ ఇంకా చిక్కొచ్చు, చిక్కకపోనూ వచ్చు" అంది. ఆ రెండో మాటే పట్టుకుని వేలాడుతున్నాను.

పోల్చి చూడటానికి జబ్బు లేని తోబుట్టువు కావాలట. "మా చెల్లికి దిగులంటే ఏంటో తెలీదండీ" అన్నాను. ఒక్కసారి వచ్చి వెళ్లవే.

నీ అక్క

అక్కా,

క్షేమంగా ఇల్లు చేరాను. ఆ స్కానింగ్ గొట్టంలో పడుకుంటే నెత్తిమీద రోకళ్లతో దంచినట్టే ఉంది! నా తలకాయ ఖాళీ అని రాసుంటారు, చూడు.

మా కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తూ రెండు పగలగొట్టాను. యజమానురాలు తిట్టలేదు, నా మొహం చూసి ఊరుకుంది. నిద్ర సరిగ్గా పట్టడం లేదు, అంతే. కంగారుపడకు.

నీ పిచ్చుక

పిచ్చుకా,

నీ బొమ్మలో ఏ తేడా లేదని సంబరంగా రాశాను. జవాబు లేదు. ఆ తర్వాతి ఉత్తరానికీ లేదు. షాపుకి ఫోన్ చేస్తే, నువ్వు పనిలోకి రావడమే మానేశావంది యజమానురాలు. ఇక్కడికొచ్చినప్పుడు కూడా కంచం కెలుకుతూ కూర్చున్నావు. ప్రయాణం బడలిక అనుకున్నాను. ఏం జరుగుతోందే?

అక్క

అక్కా,

ఏమీ జరగడం లేదు. అదే బాధ. పళ్లు తోముకోవడం కూడా కొండెక్కినంత పని. మెదడు బాగానే ఉందన్నారుగా, మరి ఇది ఒట్టి బద్ధకమే. నీకిష్టమైన నా శాలువా పార్సిల్ చేశాను. నాకిక అక్కర్లేదు. మొక్కలు పక్కింటావిడకిచ్చేశాను. నువ్వు రావద్దు.

పిచ్చుకా,

నిద్రపోతున్నావని ఇది దిండు పక్కన పెడుతున్నాను. పార్సిల్ విప్పగానే బస్సెక్కాను. నువ్వు తలుపు తీసేదాకా నాలో ప్రాణం లేదు.

డాక్టరమ్మతో మాట్లాడాను. "బొమ్మ బాగుంటే మనిషి బాగున్నట్టు కాదమ్మా. ఒంటరిగా వదలకండి, ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి" అంది. ఇది బద్ధకం కాదే తల్లీ. మూడుసార్లు ఈ చీకట్లో నడిచినదాన్ని, నాకు తెలుసు. నాకు మళ్లీ రాదని ఎవరూ మాటివ్వలేదు. కానీ ఇవాళ నా కాళ్లు గట్టిగానే ఉన్నాయి.

నేను పిలిస్తే మీ షాపు యజమానురాలు వచ్చి, నీకు తోడుగా ముందు గదిలో కూర్చుంది. బండి మాట్లాడి ఇప్పుడే వస్తాను.

నీ అక్క

అక్కా,

నీ కాగితం కిందే రాస్తున్నాను. నిద్రపోలేదు, కళ్లు మూసుకున్నానంతే. నువ్వు మెట్లు దిగిన చప్పుడు వింటే భయమేసింది. ఎన్నాళ్లకో భయమేసింది. చెప్పులు వేసుకుని కూర్చున్నాను. తొందరగా రా.