తొమ్మిదో గడిలో ఉండవలసిన పేరు

అమ్మకపు పన్ను అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గత త్రైమాసికపు పన్ను చెల్లింపు మా కంప్యూటరు లెక్కలలో తప్పుగా నమోదైనందున దానిని సరిచేసుకొనుటకు అనుమతి కోరుట, మరియు తమ నోటీసు తొమ్మిదో గడిలో "తప్పునకు బాధ్యులు" అనుచోట ఉన్న నా భార్య పేరు తీసివేసి నా పేరు వ్రాయవలసినదిగా వేడుకొనుట.

ఆధారం: మా దుకాణం షట్టరుకు అంటించిన తమ నోటీసు. అంటించిన మనిషి జిగురు ధారాళముగా వాడినందున చింపకుండా ఊడదీయుటకు వీలుపడలేదు. కనుక ప్రతిని జతపరచలేదు.

1. నేను బస్టాండు వెనుక సందులో గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు బాగుచేయు దుకాణము నడుపుచున్నాను. గాస్కెట్లు, విజిళ్ళు, బర్నర్లు అమ్మి, వాటిపై పన్ను వసూలు చేసి మూడు నెలలకొకసారి తమ శాఖకు జమ చేయుచున్నాను. పదకొండేళ్ళుగా లెక్కలు వ్రాసేది నా భార్య. సందులో అందరూ ఆమెను లెక్కలక్క అంటారు. ఎదురుగా ఉన్న దర్జీ, తాళంచెవుల ఆయన, పుస్తకాల దుకాణం వదిన కూడా తమ లెక్కలు ఆమె చేతనే వ్రాయించుకొనేవారు. ఇప్పుడు వ్రాయించుకొనుటలేదు. కారణము అయిదవ అంశములో మనవి చేసెదను.

2. లెక్కలన్నీ కంప్యూటరులో ఉండవలెనని తమ శాఖ ఉత్తర్వు ఇచ్చినది. కంప్యూటరు కొన్నాము. ఆమె వారం రోజుల్లో నేర్చుకొన్నది. నేను నేర్చుకోలేదు. ఇంతలో ఆమెకు రెండు కళ్ళకూ ఒకదాని తరువాత ఒకటి ఆపరేషను జరిగి, రెండు నెలలపాటు చదవరాదు, తెర చూడరాదు అని డాక్టరు గారు చెప్పినందున, ఆ రెండు నెలల లెక్కలూ నేనే ఎక్కించితిని. ఈ వాక్యము క్రింద తమరు గీత గీసుకొనవలెనని కోరుచున్నాను. నేనే ఎక్కించితిని.

"పన్ను కట్టినప్పుడు మాత్రం నన్నొక మాట అడగండి. దానికి వేరే పేజీ ఉంది," అని ఆమె కంటికి కట్టుతో మంచం మీద నుంచే చెప్పింది. "కుక్కరు విప్పి బిగించేవాణ్ణి, నాకిదో లెక్కా?" అన్నాను.

3. పన్ను బ్యాంకులో కట్టి, రసీదు తెచ్చి, దానిని మామూలు ఖర్చుల పేజీలో, గాస్కెట్లు కొన్నట్లుగా ఎక్కించితిని. నేను తమ శాఖ వద్ద ఏదో సరుకు కొన్నానని కంప్యూటరు అనుకొన్నది. పన్ను బాకీ మాత్రము తెర మీద ఎర్ర అక్షరాలలో అట్లే నిలిచినది. ఇక్కడ మా నాన్నగారి గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఆయన బాకీలను ఎర్ర పెన్సిలుతో వ్రాసుకొని, అవి కొట్టివేయనిదే షట్టరు దించేవారు కాదు. ఆ పెంపకము వలన ఎరుపు కనబడితే నా చేయి దానంతట అదే జేబులోకి పోవును. మరునాడు మళ్ళీ కట్టి, మళ్ళీ అదే పేజీలో ఎక్కించితిని. ఎరుపు పోలేదు. మూడోసారి వెళ్ళగా కౌంటరులోని అమ్మాయి, "బాబాయ్, మొన్న కట్టారు, నిన్న కట్టారు. గవర్నమెంటు మీకేమైనా చుట్టమా?" అని అడగబట్టి ఆగిపోతిని. లేనిచో ఈ పాటికి దుకాణం మొత్తము తమ ఖజానాలోనే ఉండేది.

4. ఎక్కువ కట్టిన సొమ్ము వెనక్కు రావలసినదిగా చూపుటకు వేరే దారి తెలియక, తమ శాఖను మా కస్టమర్ల జాబితాలో చేర్చితిని. బాకీ ఉన్న కస్టమర్లకు మా కంప్యూటరు ప్రతి సోమవారము తనంతట తానే ఈమెయిలు పంపును. ఆ సంగతి నాకు తెలియదు. "ప్రియమైన కస్టమరు గారికి, మీ బాకీ తీర్చేవరకు మీ కుక్కరు మూత మా వద్దనే ఉండును" అని తమకు మూడు సోమవారాలు వచ్చినది అదే. దీనిని తమ నోటీసులో "అధికారిని బెదిరించుట" అని వ్రాసినారు. అయ్యా, తమ కుక్కరు గాని, దాని మూత గాని మా వద్ద లేదని ప్రమాణపూర్వకముగా తెలుపుచున్నాను.

5. తీరనట్లు కనబడిన పన్ను బాకీకి, ఆ ఈమెయిళ్ళకు సంజాయిషీ కోరుతూ తమ ఫారము రాగా, నేను కార్యాలయమునకు వచ్చితిని. రెండో కౌంటరు గుమాస్తా గారు మంచివారు. నా మేలు కోరియే చెప్పినారు. "ఈ తొమ్మిదో గడి ఉంది చూశారా? ఇక్కడ మీ పేరు రాస్తే, లైసెన్సుదారు మీరే కాబట్టి దుకాణం మూసెయ్యాలి. లెక్కలు రాసేవాళ్ళ పేరు రాస్తే జరిమానాతో పోతుంది. వాళ్ళు ఇంకెక్కడా లెక్కలు రాయకూడదు, అంతే."

అంతే అన్నారు. నేను నా భార్య పేరు వ్రాసితిని. బలవంతమేమీ లేదు. పెన్ను కూడా నాదే.

పది రోజులకు నోటీసు షట్టరు మీదికి ఎక్కినది. అప్పటికి ఆమె కట్లు విప్పినారు. కళ్ళు బాగయిన తరువాత ఆమె స్పష్టముగా చదివిన మొదటి కాగితము అది. చదివి, "నా పేరు వాళ్ళకెవరు చెప్పారండీ?" అని అడిగింది. ఆఫీసువాళ్ళే రాసుకుని ఉంటారని చెప్పాను. ఆ సాయంత్రమే దర్జీ వచ్చి, "అక్కా, మా పుస్తకం ఒక్కసారి ఇస్తావా, చూసి ఇచ్చేస్తాను" అని తీసుకుపోయినాడు. తిరిగి తేలేదు. తాళంచెవుల ఆయన చూసి ఇస్తానని కూడా అనలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డదంటే ఇదే. ఆ ఉరుము నేనే.

అప్పటి నుండి ఆమె నాతో అవసరమైనంత వరకే మాట్లాడుచున్నది. అన్నం పెట్టాను, గ్యాసు వచ్చింది, తలుపు వేశాను. ఇంతే.

6. అయినను ఆ తప్పు ఎక్కడున్నదో కనిపెట్టినది ఆమెయే. మౌసు ముట్టుకోకుండా, వెనుక నిలబడి, పది నిమిషాలలో చూపించినది. ఖర్చుల పేజీలోని రెండు నమోదులూ తీసివేసి, మొదటిది పన్ను చెల్లింపు పేజీలో ఎక్కించి, రెండవది వచ్చే త్రైమాసికమునకు ముందస్తు జమగా చూపవలెను. తమ శాఖను కస్టమర్ల నుండి తొలగించవలెను. పని అంతే. కాని గడువు దాటినందున ఆ త్రైమాసికపు లెక్కలకు కంప్యూటరులో తాళము పడినది. తెరవమని కంప్యూటరు కంపెనీకి ఫోను చేయగా, "అధికారి అనుమతి పత్రం తెండి, తెరుస్తాం" అన్నారు. మూడో కౌంటరులో అడుగగా, "ముందు లెక్క సరిచేసి తెండి, అనుమతి ఇస్తాం" అన్నారు. ఏడుసార్లు తిరిగితిని. పన్ను కట్టనివానికి ఒక ఫారము, తక్కువ కట్టినవానికి ఒక ఫారము ఉన్నవట. రెండుసార్లు కట్టినవానికి ఏ ఫారమూ లేదు. "అలాంటివాళ్ళు ఇంతవరకు రాలేదండీ" అన్నారు. అడకత్తెరలో పోకచెక్కకు కనీసము ఎటు నుండి తెగునో తెలియును. నాకు అదియును తెలియుటలేదు.

కావున తమరు దయయుంచి ఆ త్రైమాసికమును పది నిమిషాలపాటు తెరుచుటకు అనుమతించవలెను. అనుమతించకపోయినను, తొమ్మిదో గడి మార్చుట మాత్రము తప్పక చేయవలెను. రెండో కౌంటరు గుమాస్తా గారు చెప్పినది మరచి ఈ కోరిక కోరుటలేదు. లైసెన్సు పోవునని తెలిసియే కోరుచున్నాను. కొత్త నోటీసు కూడా అదే షట్టరుకు, దర్జీకి కనబడునట్లు, అంతే జిగురుతో అంటించవలెను.

ఇదంతయు తమరు చిత్తగించవలెను. తీరిక లేనిచో రెండవ, అయిదవ అంశములైనను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(విధేయత ఎక్కువై పన్ను రెండుసార్లు కట్టినవాడు)
కుక్కర్ల రిపేరు దుకాణం యజమాని

తా.క.: కవరు అంటించే ముందు ఇది ఆమెకు చదివి వినిపించాను. అయిదో అంశం దగ్గర ఆపేశాను. కాగితం తీసుకుని మిగతాది తనే చదువుకుంది.

"ఆఫీసువాళ్ళే రాసుకున్నారన్నారుగా," అంది.

"అబద్ధం చెప్పాను."

"తెలుసు. ఆ రోజే తెలుసు." కాగితం మడిచి నా చేతికిస్తూ మళ్ళీ అంది. "లైసెన్సు పోతే ఏం తింటామండీ? నా పేరే ఉండనివ్వండి. నాకు అలవాటైపోయింది."

నేను ఒప్పుకోలేదు. రేపు తనే తమ ఆఫీసుకు వచ్చి, ఆ లెక్కలు ఎక్కించింది తానేనని, ఈ అర్జీ చెల్లదని చెబుతుందట. చీర కూడా తీసి పెట్టుకుంది. అయ్యా, ఆమె మాట నమ్మవద్దు. ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు, చెబుతుంటే గొంతు తడబడుతుంది. అది చూసి, తప్పు చేసిన మనిషి కాబట్టే తడబడుతోందని తమరు అనుకొనవద్దని మరీమరీ వేడుకొనుచున్నాను.