లాన్ మీద నలుగురు

అక్టోబర్ 3

మళ్లీ ఫైర్ స్టేషన్ పేజర్ మోగింది. అన్విత కంచం వదిలేసి బూట్ల కోసం పరుగు. పదహారేళ్లొచ్చినా ఇంట్లో తిన్న కంచం తియ్యదు. ఫైర్ హాల్లో మాత్రం గంటలకొద్దీ హోస్ పైపులు కడుగుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నా కూతురికి రచ్చే ఇల్లు.

అక్కడికి పంపింది నేనే. స్కూల్‌కి వాలంటీర్ అవర్స్ కావాలి, రేపు మెడిసిన్‌కి అప్లై చేస్తే పనికొస్తుంది అని. రూల్ చదివాకే సంతకం పెట్టాను — పద్దెనిమిది నిండనివాళ్లు ట్రక్కు దగ్గరే ఉండాలి, నీళ్లందించాలి, మంట చుట్టూ కట్టే టేపు దాటకూడదు.

అక్టోబర్ 9

గుడిలో సగం మంది స్టూడెంట్లే. వాటర్లూలో కాలేజీల దగ్గర గదులు దొరక్క మా ఊళ్లో ఇళ్ల కింది బేస్‌మెంట్లదాకా వచ్చేశారు. ప్రసాదం దగ్గర నవీన్ అనే అబ్బాయి — రెండోసారి పులిహోర అడగడానికి సిగ్గు. రాత్రంతా వేర్‌హౌస్‌లో పనిట. "పగలు పడుకుంటానాంటీ. క్లాసులో కూడా" అని నవ్వాడు. డబ్బా నిండా పెట్టిచ్చాను.

అక్టోబర్ 17

రాయలేను.

అక్టోబర్ 18

నిన్న మధ్యాహ్నం మా వెనక వీధిలో ఒక బేస్‌మెంట్ అంటుకుంది. స్టూడెంట్ల ఇల్లు. లాన్ మీద నలుగురు, పొగకి దగ్గుతూ. అందులో శ్రీకాంత్ అనే అబ్బాయి ఏడుస్తూ తెలుగులోనే ఏదో అంటున్నాడట, ఇంగ్లీషు నోట రావడం లేదు. కెప్టెన్ డేవ్ అన్వితని టేపు దాటి రమ్మన్నాడు. మీ భాషలో అడుగు, లోపల ఎవరైనా ఉన్నారా, మొత్తం ఎంతమంది?

అడిగింది. "నలుగురమే చెల్లీ... నలుగురమే."

లాన్ మీద నలుగురున్నారు. డేవ్‌కి చెప్పింది — ఎవ్రీబడీ ఈజ్ అవుట్.

అయిదోవాడు లోపల నిద్రలో ఉన్నాడు. నవీన్.

కాసేపటికి శ్రీకాంతే కేక పెట్టాడట. అప్పటికే...

అక్టోబర్ 19

శ్రీకాంత్ ఫోన్ చేశాడు. ఎవరడిగినా నలుగురమే అనమని ఇంటి ఓనర్ నేర్పాడట. అంతకంటే ఎక్కువమందిని పెట్టకూడదు కదా. "ఇన్స్‌పెక్షన్‌కి అదే, పక్కింటివాళ్లకీ అదే. నోటికి అలవాటైపోయిందాంటీ. వాడు లోపలున్నాడని తెలుసు, అయినా నోటికి..." మిగతాది వినలేక ఫోన్ మా ఆయనకిచ్చేశాను.

ఓనర్ మన తెలుగువాడే. గుడిలో ముందు వరసలో కూర్చుంటాడు. వాడి మీద ఒళ్లు మండిపోతోంది.

అక్టోబర్ 23

అన్విత తినదు. స్కూల్‌కి వెళ్లదు. "అతను చెప్పిందే నువ్వు చెప్పావు" అంటే, "ఐ సెడ్ ఇట్, అమ్మా. నాట్ హిమ్. అండ్ ఐ డిడ్న్ట్ ఆస్క్ అగైన్."

అక్టోబర్ 30

డేవ్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. తప్పు నాది, చిన్నపిల్లని పిలవకూడదు అన్నాడు. టౌన్ కౌన్సిల్ కొత్త రూల్ తెస్తోందట — పద్దెనిమిది లోపువాళ్లు హాలు దాటకూడదని. దాన్ని సమర్థిస్తాడట. కాఫీ ఇచ్చాను. కోపం పోయి కాదు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి ఇవ్వకుండా ఉండలేక.

నవంబర్ 6

కౌన్సిల్‌లో మాట్లాడాను. ఆ ప్రశ్న ఒక పిల్ల చేత అడిగించకూడదు, జవాబు ఆ పిల్ల మొయ్యకూడదు అన్నాను. వెంటనే ఒకాయన లేచాడు. ఊళ్లో వాలంటీర్లే లేరు, ఈ పిల్లల్ని ఆపేస్తే రేపు ట్రక్కెక్కేది ఎవరని. అదీ నిజమే. ఓటింగ్ వాయిదా. అప్పటిదాకా తల్లిదండ్రుల ఇష్టమేనట. పెద్దలందరూ కలిసి చేతులు దులుపుకుని భారం నా నెత్తిన పెట్టారు.

కారులో అన్విత ఒక్కటే మాట — "యూ టాక్డ్ లైక్ ఐ వాజ్ నాట్ దేర్."

నవంబర్ 8

పులిహోర డబ్బా తిరిగొచ్చింది. వేర్‌హౌస్‌లో నవీన్ లాకర్లో ఉందట. శ్రీకాంత్ కడిగి తెచ్చాడు.

నవంబర్ 12

పొద్దున పేజర్. అన్విత బూట్లు వేసుకుని గుమ్మంలో. ఒక్కతే కారు నడిపే లైసెన్స్ ఇంకా రాలేదు, నేనే దింపాలి. నేను వద్దంటే ఆగిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, తనకీ తెలుసు.

వద్దన్నాను.

అరవలేదు. ఏడవలేదు. "ఈసారి ఎంతమంది అని అడగనమ్మా" అంది, తెలుగులో. "పేర్లు అడుగుతా. ఒక్కొక్కళ్ల పేరు."

ఎవరినీ ఏమీ అడగకూడదే, తల్లీ, నీకా పని వద్దనే కదా నేను అంతమందిలో నిలబడింది... అనబోయాను. చూస్తే కారు తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. ఎప్పుడు తీశానో.

దింపాను. ఫైర్ హాలు పార్కింగ్‌లో కూర్చుని రాస్తున్నాను. వర్షం మొదలైంది. ట్రక్కు ఇంకా తిరిగి రాలేదు.