పెద్ద పొయ్యి దగ్గర పిన్ని, హోటల్లో నా సగం వాటా

మార్చి ఇరవై రెండున డాక్టర్లు నా గుండెలో కవాటం మారుస్తారు. బతికి బయటపడేవాళ్లే ఎక్కువట. అయినా హోటల్లో సగం వాటా అన్నయ్యది, సగం నా పేరున ఉంది కాబట్టి ఈ వీలునామా ఇప్పుడే రాయాల్సి వచ్చింది. నాకు ముప్ఫై ఒక్కేళ్లు. భర్త, పిల్లలు లేరు. నా మతి సరిగ్గానే ఉంది. ఈ మధ్యాహ్నం కూడా నలభై బల్లల ఆర్డర్లు తప్పు పోకుండా చెప్పి వచ్చి కూర్చున్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. దీన్ని అమలు చేసే బాధ్యత మా లాయరమ్మగారిది. ఆవిడ దీన్ని మా వాళ్లందరికీ పైకి చదివి వినిపించాలి.

1. హోటల్లో నా సగం వాటా, సామానుతో సహా, నా తదనంతరం అన్నయ్యకు చెందాలి. షరతు ఒక్కటే. పెద్ద పొయ్యి దగ్గర నుంచి పిన్ని తనంతట తాను తప్పుకునేదాకా ఆవిణ్ణి ఎవరూ పంపించకూడదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆర్డర్లు వంటింటి కిటికీలోంచి నోటితోనే చెప్పాలి. ఇది అన్నయ్యకు సమ్మతం కాకపోతే నా వాటా పిన్నిది.

కారణం కూడా రాస్తున్నాను. వచ్చే నెల నుంచి వంటింట్లో ఆర్డర్లు కనబడే స్క్రీన్ పెట్టిస్తానని అన్నయ్య అంటున్నాడు. "నేర్చుకోనని మొండికేస్తే పిన్నిని ఇంట్లో కూర్చోమను, ఎన్నాళ్లని ఈ అరుపులు?" అన్నాడు. పిన్నిది మొండితనం కాదు. ఆవిడకు చదవడం రాదు. అన్నయ్య బడికి వెళ్లకపోయినా కౌంటరు దగ్గర కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్నాడు. పిన్నీ అలాగే నేర్చుకుందనుకున్నాం.

చదువు ముగించి వచ్చిన కొత్తలో నేను చీటీల పద్ధతి పెట్టాను. సర్వర్లు ఆర్డరు రాసి పొయ్యి పైనున్న తీగకు గుచ్చేవాళ్లు. పిన్ని రాత పొడుగును బట్టి ఊహించి వండింది. పొడుగ్గా ఉంటే చేప, పొట్టిగా ఉంటే సూపు. ఒంటిగంట రద్దీలో పదకొండు బల్లలకు వేరే వంటలు వెళ్లాయి. "కళ్లు నెత్తికెక్కాయా పిన్నీ? రాసింది కనబడట్లేదా?" అని అన్నయ్య అందరి ముందూ అరిచాడు. "పొగలో కనబళ్లేదు నాయనా" అంది పిన్ని. వంటింట్లో పొగ లేదు. నాకు సంగతి అర్థమైంది. అయినా నోరు మెదపలేదు. పద్ధతి నాది, మాట పడింది ఆవిడ.

మర్నాడు చీటీలు తడిసిపోతున్నాయని అబద్ధం చెప్పి తీసేశాను. అప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా కిటికీ దగ్గర నిలబడి నేనే చెబుతున్నాను. ముప్ఫై ఆర్డర్లు వరసగా చెప్పినా పిన్నికి గుర్తుంటాయి. పళ్లేలన్నీ వెళ్లాక హాల్లో మాటలు ఆగి, కాసేపు చెంచాల చప్పుడే వినిపిస్తుంది. ఈ పనిలో నాకు దక్కిన సుఖం అదే.

ఇదంతా రాయవచ్చా అని పిన్నిని అడిగాను. "రాసెయ్ అమ్మడూ. వాడు నవ్వితే నా చేతిలో గరిటె ఉందిగా" అంది.

2. కిటికీ దగ్గర నా చోటు, ఎత్తు పీటతో సహా, మా పెద్ద సర్వరుకు. అందరూ గొణుగుడు అని పిలిచేది ఆయన్నే. నన్ను ఇన్నేళ్లూ "పెద్ద చదువులమ్మ" అని వెక్కిరించాడు. అది మరిచిపోయానని రాయలేను. కానీ అంత గోలలోనూ స్పష్టంగా వినబడే గొంతు ఆయనదే.

3. పెట్టె కూడా ఇంకా విప్పని మెత్తటి కొత్త బూట్ల జత వదినకు. సాయంత్రానికి కాళ్లు వాస్తాయని ఆమె ఎవరికీ చెప్పదు.

4. తొమ్మిదో బల్ల పెద్దాయనకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. సూపు చల్లారిందని రోజూ అంటాడు, రోజూ గిన్నె ఖాళీ చేస్తాడు. ఆయన మాట నిజమే. ఆ బల్ల వంటింటికి మరీ దూరం. ఆయన్ని దగ్గరి బల్లకు మార్చండి.

అన్నయ్యా, దీని నకలు నీకు ఈ రోజే అందుతుంది. షరతు నీకు సమ్మతమో కాదో ఇరవయ్యో తేదీ సాయంత్రం లోగా లాయరమ్మగారికి చెప్పు. కాదన్నా నీ మీద కోపం ఉండదు. అప్పుడు షరతు తీసేసి, వాటా నేరుగా పిన్ని పేరున మార్చి రాయడానికి నాకు ఇంకా ఒక రోజు ఉంటుంది.

మార్చి 15, గురువారం

(సంతకం)
హోటల్ మేనేజరు, సగం వాటాదారు

సాక్షులు:
1. పక్క షాపు టైలరమ్మ (సంతకం)
2. మాకు రొట్టెలు వేసే బేకరీ ఆయన (సంతకం)