ఎర్ర ట్యాగు కట్టిన రోటర్

సస్కటూన్,
ఫిబ్రవరి 9.

ప్రియమైన అక్కకు,

సుప్రజ రాస్తున్నది. నా ఒంటికి ఏ లోటూ లేదు. మిస్సిసాగాలో నువ్వు, బావగారు, పండు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మనసు సంగతి మాత్రం అడగకు. పది రోజులుగా కోపంతో అన్నం సహించడం లేదు.

నువ్వు పంపిన కందిపొడి అందింది. ఆ మిషను ఎలా బద్దలైంది, అందులో నీ తప్పేముంది అని అడిగావు. చెబుతాను.

మా బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఆరు ల్యాబులకూ కలిపి ఒకటే పెద్ద సెంట్రిఫ్యూజ్, శాంపిళ్ళని అతివేగంగా తిప్పి వేరుచేసే మిషను. దాన్ని చూసుకునేది నేనే. లోపల గొట్టాలను పట్టుకుని గిర్రున తిరిగే లోహపు రోటర్‌కి ఆయుష్షు ఉంటుంది. పాతదానికి అది తీరిపోయిందని డిసెంబరులోనే ఎర్ర ట్యాగు కట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాను. కొత్తది వచ్చేదాకా ఆగమని అందరికీ ఈమెయిల్ పంపాను. అందరూ ఆగారు, జనార్ధనరావు గారు తప్ప. కిందటి ఉగాదికి నువ్విక్కడికి వచ్చినప్పుడు మనల్ని ఇంటికి పిలిచి భోజనం పెట్టిన ప్రొఫెసరు. మా పరికరాల గదికి పెద్ద కూడా ఆయనే.

"ఒక్క రన్నే కదమ్మా. శుక్రవారం లోపు డేటా పంపకపోతే గ్రాంట్ పోతుంది" అన్నారు.

"అది తిప్పకూడదు సార్. పగిలితే పక్కనున్నవాళ్ళకి ప్రమాదం."

"నువ్వు మరీ భయపడతావు" అని నవ్వారు.

మర్నాడు పొద్దున ట్యాగు పీకేసి, తన స్టూడెంట్ నిఖిలతో రన్ పెట్టించారు. తాను మాత్రం ఆ గదిలో లేరు. వేగం అందుకోగానే రోటర్ ముక్కలైంది. అంత బరువు మిషనూ జరిగి గోడకు గుద్దుకుంది. ప్రాణం దక్కింది గానీ, ఆ చప్పుడుకి పిల్లకి కుడిచెవి వినికిడి పోయింది.

సేఫ్టీ కమిటీ ముందు ఆయన ఏమన్నారో తెలుసా? ట్యాగే చూడలేదట. నా ఈమెయిల్ చదవనే లేదట. "థాంక్స్" అని జవాబిచ్చిన మనిషి! పనికిరాని రోటర్‌ని అందరికీ అందేలా ఉంచింది టెక్నీషియనేనట. పిల్ల చెవి పోగొట్టి, ఇంత నింపాదిగా అబద్ధమాడే నోరు ఎలా వచ్చిందో.

ఇక అసలు మాట. బీరువా తాళంచెవి ఆయన నా డ్రాయర్‌లోంచి తీసుకున్నారని ఫోన్‌లో నీతో అన్నాను. అబద్ధం. నేనే ఇచ్చాను. నవ్విన తర్వాత ఆయన, "నీ పర్మనెంట్ రెసిడెన్సీ కోసం అడిగిన ఎంప్లాయ్‌మెంట్ లెటర్ నా టేబుల్ మీదే ఉంది. సాయంత్రం సంతకం చేస్తా" అన్నారు. నేను తాళం ఆయన చేతిలో పెట్టాను. ఆయన మీద ఎంత మండిపోతున్నానో, నా మీద అంతకు రెండింతలు.

సోమవారం కమిటీకి అంతా రాసిచ్చాను, తాళం సంగతితో సహా. ఆయన్ని పరికరాల గది బాధ్యతనుంచి తప్పించి విచారణ మొదలుపెట్టారు. నా కాంట్రాక్టు మార్చితో సరి అన్నారు. సంతకం ఎలాగూ పడలేదు.

నిన్న నిఖిల ఇంటికి వెళ్ళి, తాళం నేనే ఇచ్చానని చెప్పాను.

"ఎందుకిచ్చారక్కా? మీకు తెలుసు కదా" అంది.

కారణం చెప్పడం మొదలుపెట్టాను. తనకి కుడిపక్కన కూర్చున్నాను. సగంలో చేయెత్తి ఆపింది.

"వినపడట్లేదు. ఎడమపక్కకి వచ్చి కూర్చోండి. మొదట్నించి చెప్పండి."

వెళ్ళి కూర్చుని, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.

ఇట్లు,
నీ చెల్లెలు
సుప్రజ