గుట్ట దిగాక వినిపించిన ఏడుపు

జనగామ,
అక్టోబరు, 2011.

సౌందర్యా,

క్షేమంగా ఇల్లు చేరాను. పాదాల బొబ్బలు మాత్రం ఇంకా మానలేదు. ఈ ఉత్తరం మీ అవ్వకూ బాపుకూ చదివి వినిపించు. చెప్పుకోవాల్సింది వాళ్లకే.

తెలంగాణ కోసం సమ్మె, బస్సుల్లేవు, గూడూరు దాకా ఆటోలో వచ్చి, అక్కణ్నుంచి మీ తండాకు గుట్ట దాటి నడిచి రావాలని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు, మేడమెట్లు తప్ప ఏమీ ఎక్కని నేను ధీమాగా సరేనన్నాను. సగం దారికే రాయి మీద కూలబడి, వెనక్కి పోతానన్నాను. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మీ బాపు నా సంచి కూడా భుజానేసుకున్నాడు.

"కిందికి చూడకు బిడ్డా. నా చెప్పులు చూసుకుంట రా."

అట్లాగే గుట్ట దిగాను.

తండాలో అడుగుపెట్టానో లేదో, మీ అవ్వ నన్ను వాటేసుకొని రాగం తీసి ఏడ్చింది. మీ లంబాడా భాష నాకు రాదు. నీ పురిటిబిడ్డకేదో అయిందనుకొని నేనూ బావురుమన్నాను. అప్పుడు నువ్వు పాపనెత్తుకొని నవ్వుకుంటూ బయటికొచ్చావు.

"ఎందుకే గంత పరేషాన్? మా కాడ అయినోళ్లు శాన దినాలకొస్తే గిట్లనే ఏడుస్తరు."

మీ అవ్వ నన్ను అంతకుముందు ఎన్నడూ చూడలేదు, సౌందర్యా. మా అమ్మ పోయాక నన్నట్లా ఎవరూ పట్టుకోలేదు.

సమ్మె అయిపోయింది, బస్సులు తిరుగుతున్నాయి. అయినా పాపకు పేరు పెట్టేనాటికి గుట్ట మీదుగానే వస్తాను. తీరిగ్గా బస్సు దిగి వస్తే, అవ్వ అంత ఏడుస్తుందో లేదో.

నీ హాస్టల్ దోస్తు